నల్లిసుకా, సూదంటురాయీ

పాడైపోయిన స్పీకరు ఒకటి దొరికితే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరపు పిల్లలకు పండగే. అట్ట చింపి, వెనక అతుక్కుని ఉన్న నల్లటి రింగు అయస్కాంతాన్ని రాయితో కొట్టి ఊడదీస్తారు. దానికి పురికొస కట్టి ఒడ్డు వెంబడి ఈడ్చుకుంటూ పరిగెడతారు. భావనపాడులోనైనా, బారువలోనైనా అల వెనక్కి తగ్గాక ఇసుక మీద కాటుక పూసినట్టు నల్లటి చారలు మిగులుతాయి. ఆ చార మీద పది అడుగులు లాగేసరికి అయస్కాంతానికి గడ్డం మొలుస్తుంది. సన్నటి రవ్వలు ఒకదాని మీద ఒకటి నిలబడి వెంట్రుకల్లా నిక్కబొడుచుకుంటాయి. ఊదినా రాలవు, దులిపినా వదలవు. గోటితో గీకి కాగితం మీద పోసి, కాగితం కింద అయస్కాంతం తిప్పితే పైన ఆ వెంట్రుకలు లేచి నడుస్తాయి.

రెండో రింగు కూడా దొరికితే ఆట ఇంకా రంజుగా ఉంటుంది. ఒకవైపు పెడితే రెండూ టప్పున అతుక్కుంటాయి. మధ్యలో వేలు ఇరుక్కుంటే ఏడుపే. ఒకదాన్ని తిరగేస్తే మాత్రం ఎంత నొక్కినా కలవవు, కనపడని దిండు ఏదో అడ్డం ఉన్నట్టు పక్కకు జారిపోతాయి. సన్నటి కర్రకు రెండింటినీ గుచ్చితే పైది గాల్లో తేలుతుంది.

పలాస, టెక్కలి, సోంపేట తీరం గురించి గత ఎనభై ఏళ్లలో శాస్త్రవేత్తలు రాసినదాంట్లో, ప్రభుత్వాలు వేసుకున్న లెక్కల్లో, ఊళ్లు పడిన భయంలో పెద్ద భాగం ఆ నల్లటి గడ్డం చుట్టూనే తిరిగింది.

తెలుగువాళ్లు అయస్కాంతానికి పెట్టుకున్న అచ్చ తెలుగు పేరు సూదంటురాయి. సూది అంటుకునే రాయి. ఆ వస్తువు ఏం చేస్తుందో పేరులోనే చెప్పేశారు. సంస్కృతంలో అయస్కాంతం అంటే ఇనుముకు ప్రియమైనది. కాళిదాసు కుమారసంభవంలో శివుడి మనసును ఉమ వైపు లాగమని బ్రహ్మ దేవతలకు చెప్పే చోట ఈ పోలికే వాడాడు. శరీరంలో దిగిన బాణపు ముక్కను బయటికి తీసే ఉపాయాల్లో సుశ్రుతుడు అయస్కాంతాన్నీ చేర్చాడు. సూది అయస్కాంతం వైపు ఎందుకు కదులుతుందన్న ప్రశ్నకు వైశేషిక సూత్రాలు కంటికి కనపడని కారణం ఉందని జవాబిచ్చాయి. ఇవన్నీ చదివితే ఒక సంగతి తడుతుంది. అందరూ చెప్పింది ఆకర్షణ గురించే. వికర్షణ ఊసు దాదాపు లేదు. దానికి కారణం తేలికే. చేతిలో ఒక సూదంటురాయి, ఒక ఇనుప సూది ఉన్నంతకాలం కనిపించేది లాగడమే. తోసెయ్యడం చూడాలంటే రెండు అయస్కాంతాలు కావాలి, వాటి కొనలు గుర్తుపెట్టుకోవాలి.

ఆ పని శ్రద్ధగా చేసినవాడు పియెర్ ద మరికూర్ అనే ఫ్రెంచివాడు. లాటిన్‌లో పేత్రస్ పెరిగ్రీనస్ అంటారు. 1269లో ఇటలీలోని లుచేరా కోట ముట్టడిలో ఉంటూ మిత్రుడికి రాసిన ఉత్తరంలో అతను సూదంటురాయికి రెండు ధ్రువాలుంటాయనీ, సజాతి ధ్రువాలు తోసుకుంటాయనీ, విజాతి ధ్రువాలు లాక్కుంటాయనీ, రాయిని రెండుగా విరగ్గొడితే ప్రతి ముక్కకూ మళ్లీ రెండు ధ్రువాలు వస్తాయనీ వివరించాడు. 1600లో విలియం గిల్బర్ట్ భూమే ఒక పెద్ద అయస్కాంతమని చెప్పాడు. 1785లో కూలుంబ్ దూరం రెట్టింపయితే రెండు ధ్రువాల మధ్య బలం నాలుగో వంతుకు పడిపోతుందని కొలిచి చూపించాడు. పాఠ్యపుస్తకంలో నాలుగు లైన్లలో ముగిసే ఈ పాఠానికి అయిదు వందల ఏళ్లు పట్టింది.

భావనపాడు ఒడ్డున ఆ గడ్డాన్ని దగ్గరగా చూస్తే పాఠం మొత్తం అక్కడే ఉంది. నల్లటి రవ్వల్లో అయస్కాంతానికి ఎగిరి అంటుకునేది మాగ్నెటైట్, అంటే ఇనుపరాయి. అంటుకున్న ప్రతి రవ్వా తనూ ఒక చిన్న అయస్కాంతమవుతుంది. కింది రవ్వ ఉత్తర ధ్రువం పై రవ్వ దక్షిణ ధ్రువాన్ని పట్టుకోవడం వల్ల వరస నిలబడుతుంది. పక్కపక్కనున్న వరసల కొనలన్నీ ఒకే జాతి ధ్రువాలు కాబట్టి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అందుకే ఆ వెంట్రుకలు ముద్దగా కాకుండా విడివిడిగా విచ్చుకుని నిలబడతాయి. నిలబెట్టేది ఆకర్షణ, విడదీసేది వికర్షణ.

మరి అంటుకోని రవ్వల సంగతి? ఒడ్డున మిగిలిపోయిన తెల్లటి ఇసుక క్వార్ట్‌జ్. దాన్ని అయస్కాంతం నిజానికి తోసేస్తుంది. ఆ తోపు ఎంత బలహీనమంటే చేతికీ కంటికీ తెలియదు. ఇలాంటి పదార్థాలకు 1845లో మైకేల్ ఫారడే డయామాగ్నెటిక్ అని పేరు పెట్టాడు. ఈ రెండింటికీ నడుమ ఇంకో రకం ఉంది. అది ఇల్మనైట్. ఇనుము, టైటానియం, ఆక్సిజన్ కలిసిన నల్లటి ఖనిజం. ఉద్దానం నల్లిసుకలో మాగ్నెటైట్ కొద్దిగా ఉంటే ఇల్మనైట్ చాలా ఎక్కువ. స్పీకరు అయస్కాంతానికి అది అంతగా లొంగదు. బలమైన అయస్కాంతం పెడితే వస్తుంది. దీన్ని ఇసుక నుంచి వేరుచేసే పరిశ్రమ మొత్తం ఆ ‘బలమైన’ అన్న మాట మీదే నిలబడింది.

ఈ ఇసుక సముద్రంలో పుట్టింది కాదు. ఉద్దానానికి పడమట తూర్పు కనుమలు గోడలా నిలిచి ఉంటాయి. మందస వైపు నుంచి చూస్తే 1,501 మీటర్ల మహేంద్రగిరి కనిపిస్తుంది. ఆ కొండల రాళ్లలో ఎక్కువ భాగం ఖోండలైట్, చార్నొకైట్. మొదటిదానికి 1902లో టి.ఎల్. వాకర్ అక్కడి కోందు గిరిజనుల పేరు పెట్టాడు. రెండోదానికి థామస్ హాలండ్ కలకత్తాలోని జాబ్ చార్నాక్ సమాధి రాయిని బట్టి పేరు పెట్టాడు. ఖోండలైట్‌లో గార్నెట్, సిల్లిమనైట్ దండిగా ఉంటాయి. లక్షల ఏళ్ల ఎండకూ వానకూ ఆ రాళ్లు పొడవుతాయి. వంశధార, నాగావళి, మహేంద్రతనయ, బాహుద ఆ పొడిని మోసుకొచ్చి బంగాళాఖాతంలో పోస్తాయి. అక్కడి నుంచి అలల పని. క్వార్ట్‌జ్ సాంద్రత 2.65, ఇల్మనైట్‌ది 4.7, మోనజైట్‌ది 5కు పైమాట. అల వచ్చేటప్పుడు అన్నింటినీ తెస్తుంది, వెనక్కి పోయేటప్పుడు తేలికైనదాన్ని తీసుకుపోతుంది. చేటలో బియ్యం చెరిగినట్టే. తుఫాను వెళ్లిన మర్నాడు ఒడ్డు మరింత నల్లగా కనిపించడానికి కారణం అదే.

చిటికెడు ఇసుక తీసి భూతద్దం కింద పెడితే నలుపు ఒక్కటే కాదని తెలుస్తుంది. నల్లగా నిగనిగలాడేది ఇల్మనైట్. దానిమ్మ గింజ రంగుది గార్నెట్. నీళ్ల చుక్కలా ఉండేది జిర్కాన్. తెల్లటి పుల్లల్లా ఉండేది సిల్లిమనైట్. ముదురు ఎరుపు గోధుమ రంగుది రూటైల్. అక్కడక్కడా తేనె రంగులో, గుండ్రంగా ఒకటీ అరా గింజ. అది మోనజైట్. మిగతావాటి కంటే తక్కువగా దొరికే ఆ తేనె రంగు గింజే ఈ కథను దేశదేశాలకు తీసుకెళ్లింది.

అయస్కాంతంతో ఈ తీరానికి మరో పాత బంధం కూడా ఉంది. వంశధార సముద్రంలో కలిసేచోట కళింగపట్నం, మహేంద్రతనయ కలిసేచోట బారువ ఒకప్పుడు ఓడలు ఆగిన రేవులు. కళింగ నావికులు తొలినాళ్లలో దూరదేశాలకు వెళ్లింది చుక్కలనూ, గాలినీ, కొండ ఆనవాళ్లనూ పట్టుకునే. హిందూ మహాసముద్రంలో తిరిగే నావికులు నీళ్లలో తేలే ఇనుప చేపతో దిక్కు తెలుసుకుంటారని 1282లో బైలక్ అనే అరబిక్ రచయిత రాశాడు. ఆ తర్వాత పెట్టెలో బిగించిన దిక్సూచి వచ్చింది. ఇప్పుడు మరపడవలో చేపలవేటకు వెళ్లేవాళ్ల చేతిలో జీపీఎస్ ఉంది.

మోనజైట్ దగ్గరికి వస్తే, ముందు పెట్రోమాక్స్ లైటు గురించి చెప్పుకోవాలి. కరెంటు రాని రోజుల్లో పెళ్లిపందిట్లో, తప్పెటగుళ్ల రాత్రుల్లో, జాతరలో ఆ లైటు వెలిగేది. దానిలో తెల్లగా మండేది నూనె మంట కాదు, మాంటిల్ అనే గుడ్డ సంచి. అది కాలిపోయాక మిగిలే బూడిద గూడే ధగధగ మెరుస్తుంది. అందులో ఉండేది నూటికి 99 పాళ్లు థోరియం ఆక్సైడు, ఒక పాలు సీరియం ఆక్సైడు. ఆస్ట్రియా రసాయనవేత్త కార్ల్ ఆవుర్ ఫాన్ వెల్స్‌బాక్ 1891 నాటికి ఈ పాళ్లు కుదిర్చాడు. ఐరోపా నగరాల వీధిదీపాలన్నీ దీన్నే కోరాయి. థోరియం కావాలంటే మోనజైట్ కావాలి. అప్పట్లో అది ఎక్కువగా బ్రెజిల్ ఒడ్డు నుంచి వెళ్లేది. 1909లో షాంబర్గ్ అనే జర్మన్ రసాయనవేత్త తిరువాన్కూరు నుంచి వచ్చిన కొబ్బరిపీచుకు అంటుకున్న ఇసుకలో ఆ తేనె రంగు గింజలు గుర్తుపట్టాడు. కొబ్బరిపీచు ద్వారా బయటపడిన సంగతి కొబ్బరితోటల ఉద్దానంవాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోదగ్గది. మరో ఏడాది రెండేళ్లలో కన్యాకుమారి దగ్గర మణవాళకురిచ్చిలో ఇసుక వేరుచేసే పని మొదలైంది.

తూర్పు తీరం వంతు తర్వాత వచ్చింది. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం భూగర్భశాస్త్ర విభాగాన్ని నిలబెట్టిన ఆచార్య సి. మహదేవన్ అంతకుముందు కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పనిచేసినవాడు, హైదరాబాద్ సంస్థానంలో భూగర్భ పరిశోధన చేసినవాడు. 1948లో ఆయనా, శ్రీరామదాసూ కలిసి విశాఖపట్నం జిల్లా సముద్రపు ఇసుకలో మోనజైట్ ఉందని వ్యాసం ప్రచురించారు. అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు. 1950లో ఏర్పడింది. టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం అన్నీ ఆనాటి విశాఖ జిల్లాలోనివే. ఈ తీరపు ఇసుక గురించి తెలుగు నేల మీది విశ్వవిద్యాలయం నుంచి తొలి శాస్త్రీయ సమాచారం వెలువడటం చిన్న సంగతి కాదు. కొండా, తీరమూ తెలిసిన మనుషులే దాన్ని చదివారు.

1949లో అణుశక్తి ఖనిజాల అన్వేషణకు కేంద్రం ఒక విభాగం పెట్టింది. ఈనాటి అటామిక్ మినరల్స్ డైరెక్టరేట్ (ఏఎండీ) అదే. దాని ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. 1950లో ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ పుట్టింది. ఏఎండీ బృందాలు దశాబ్దాల పాటు తీరం వెంట ఇసుకలో గొట్టాలు దించి, అడుగుకో నమూనా తీసి, తూచి లెక్కకట్టాయి. అలా భావనపాడు, కళింగపట్నం, శ్రీకూర్మం పేర్లు దేశ ఖనిజ పటం మీదికెక్కాయి. దేశంలో మోనజైట్ నిల్వలు సుమారు 1.3 కోట్ల టన్నులని ఏఎండీ అంచనా. రాష్ట్రాల్లో అన్నింటికంటే పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌దే.

ఇసుకను వేరుచేయడం ఎలాగో చూడాలంటే ఇచ్ఛాపురం దాటి, తెలుగు బాగా వినిపించే బరంపురం మీదుగా ఛత్రపురం వెళ్లాలి. 1980ల్లో ఇండియన్ రేర్ ఎర్త్స్ అక్కడ కర్మాగారం నడపడం మొదలుపెట్టింది. కొండచిలువలా చుట్టలు తిరిగిన తొట్లలో నీళ్లతో ఇసుకను జారవిడుస్తారు. బరువైన గింజలు లోపలివైపు, తేలికైనవి బయటివైపు పోతాయి. బరువైనదాన్ని ఆరబెట్టి అధిక వోల్టేజి విద్యుత్తు గుండా పంపుతారు. కరెంటును ప్రసరింపజేసే ఇల్మనైట్, రూటైల్ ఒక దారి పడతాయి. ప్రసరింపజేయని గార్నెట్, మోనజైట్, జిర్కాన్, సిల్లిమనైట్ ఇంకో దారి. ఆ తర్వాత రెండు దార్లలోనూ అయస్కాంతం తీర్పు చెబుతుంది. గిర్రున తిరిగే రోలరు మీద ఇసుక పలచగా పడుతుంది. అయస్కాంతం పట్టించుకోని రూటైల్, జిర్కాన్ విసురుకు ముందుకు ఎగిరి పడతాయి. అంటుకునే ఇల్మనైట్, గార్నెట్ రోలరుతో పాటు కిందిదాకా తిరిగి వెనకవైపు రాలతాయి. మోనజైట్‌ను పట్టాలంటే అయస్కాంతం ఇంకా బలంగా ఉండాలి.

ఆ బలం తేవడంలో వికర్షణ పాత్ర చాలా గొప్పది. 1980ల నుంచి వచ్చిన రోలర్లలో అయస్కాంతపు బిళ్లలనూ ఉక్కు బిళ్లలనూ ఒకదాని పక్కన ఒకటి పేరుస్తారు. పేర్చేటప్పుడు పక్కపక్క అయస్కాంతాల సజాతి ధ్రువాలు ఎదురెదురుగా ఉండేలా చూస్తారు. అవి ఒకదాన్నొకటి తోసేసుకుంటుంటే వాటిని కడ్డీకి గుచ్చి బోల్టులతో బిగించి బలవంతంగా దగ్గరికి చేర్చాలి. అలా ఇరుకున పడిన అయస్కాంత బలానికి లోపల చోటు దొరకదు. మధ్యనున్న ఉక్కు బిళ్ల అంచు నుంచి బయటికి తన్నుకొస్తుంది. ఆ అంచు దగ్గర అయస్కాంత క్షేత్రం తీవ్రంగా ఉంటుంది కాబట్టి బలహీనంగా స్పందించే గింజ కూడా అక్కడ ఆగిపోతుంది. కర్రకు గుచ్చిన రెండు రింగుల ఆట ఇక్కడ కర్మాగారం పనైంది.

ఇంతకీ ఆ అయస్కాంతపు బిళ్లలు దేనితో చేసినవి? నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపి. ఈ మిశ్రమాన్ని 1980ల తొలినాళ్లలో జపాన్‌లో మసాతో సగవా, అమెరికాలో జాన్ క్రోట్ వేర్వేరుగా కనిపెట్టారు. ఇప్పుడు వాడుకలో ఉన్న శాశ్వత అయస్కాంతాల్లో ఇదే అత్యంత బలమైనది. విద్యుత్ వాహనపు మోటారులో, గాలిమరలో, చెవిలో పెట్టుకునే బుల్లి స్పీకరులో ఉండేది ఇదే. నియోడిమియం అనే రేర్ ఎర్త్ లోహం దొరికే ముఖ్యమైన ఖనిజాల్లో మోనజైట్ ఒకటి. ఆ మూలకాన్ని 1885లో మొదట వేరుచేసినవాడు మరెవరో కాదు, పెట్రోమాక్స్ మాంటిల్‌కు దారి చూపిన ఆవుర్ ఫాన్ వెల్స్‌బాకే. ఉద్దానం ఒడ్డున పిల్లవాడి అయస్కాంతానికి అంటుకోని ఆ తేనె రంగు గింజలో ప్రపంచంలోకెల్లా బలమైన అయస్కాంతానికి కావలసిన సరుకు ఉంది. శాస్త్రంలో ఇంత చక్కటి కలయికలు తరచుగా దొరకవు.

2023 మే 11న విశాఖపట్నంలో రేర్ ఎర్త్ శాశ్వత అయస్కాంతాల కర్మాగారాన్ని ప్రధాని జాతికి అంకితం చేశారు. భాభా అణు పరిశోధన కేంద్రం ఆవరణలో ఇండియన్ రేర్ ఎర్త్స్ దాన్ని కట్టింది. అక్కడ తయారయ్యేవి సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాలు. ఎక్కువ వేడిలోనూ బలం తగ్గవు కాబట్టి అంతరిక్ష, రక్షణ అవసరాలకు పనికొస్తాయి. దాని సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలు. 2025 ఏప్రిల్‌లో చైనా సమేరియం సహా ఏడు రేర్ ఎర్త్ లోహాల ఎగుమతిపైనా, వాటితో చేసిన అయస్కాంతాలపైనా ఆంక్షలు పెట్టింది. మన దేశపు వాహన కంపెనీలు ఇబ్బందిలో పడ్డాయి. అప్పటి నుంచి తీరపు ఇసుక మీద ఢిల్లీ చూపు ఇంకా పెరిగింది.

ఇక్కడే ఉద్దానం మాట వినాలి. ఈ తీరంలో ఇసుక దిబ్బ అంటే గని కాదు, గోడ. దాని మీద మొగలి పొదలు, సరుగుడు, వెనక కొబ్బరి, జీడిమామిడి, పనస. ఉద్యానం అన్న మాటే ఉద్దానమైందంటారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి ఒక్క రాత్రిలో తరాల తోటలను నేలకూల్చింది. అలాంటి గాలిని చూసినవాళ్లకు దిబ్బ విలువ ఒకరు చెప్పక్కర్లేదు. శీతాకాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టేదీ ఈ ఇసుకలోనే. సముద్రపు తాబేళ్లు భూమి అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుని దారి తెలుసుకుంటాయని ప్రయోగాలు చూపించాయి. ఒడ్డు రూపం మారిపోతే, దిక్కు తెలిసి వచ్చిన తాబేలుకు గుడ్లు పెట్టే చోటు ఉండదు.

పెద్ద ప్రాజెక్టుల అనుభవం కూడా ఇక్కడివాళ్లకు చేదుగానే ఉంది. థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న సోంపేట బీల (చిత్తడి నేల) రైతులూ మత్స్యకారులూ 2010 జులై 14న పోలీసు కాల్పులు చూశారు. 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు జరిగాయి. రెండు చోట్లా ప్రాణాలు పోయాయి. దక్షిణాన శ్రీకూర్మం, వత్సవలస వైపు ఒక ప్రైవేటు సంస్థ ఇసుక ఖనిజాలు తవ్వింది. 2019లో కేంద్రం నిబంధనలు మార్చి సముద్రతీర ఖనిజాల తవ్వకాన్ని ప్రభుత్వ సంస్థలకే పరిమితం చేసింది. మోనజైట్‌లో థోరియం ఉంది, అది రేడియోధార్మిక పదార్థం, కాబట్టి ఆ నిర్ణయం సరైనదే. అయితే ప్రభుత్వ సంస్థ తవ్వినంత మాత్రాన దిబ్బ తిరిగి మొలవదు. ఉద్దానం ఊళ్లను ఏళ్లుగా పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. దాన్ని ఈ ఇసుకకు అంటగట్టి భయపెట్టడం ఎంత తప్పో, జబ్బుతో నలిగిన ఊళ్లు నీళ్ల గురించీ దుమ్ము గురించీ అడిగే ప్రశ్నలను కొట్టిపారేయడం అంతే తప్పు.

ఇల్మనైట్ తీసేశాక మిగిలిన ఇసుకను అక్కడే నింపి, చెట్లు నాటడం సాధ్యమే. ఆ పని ఎంత లోతున తవ్వి, ఎన్ని నెలల్లో నింపి, ఏ చెట్లు నాటి, ఎన్నేళ్లకు పాత ఎత్తుకు తెస్తారన్నది కాగితం మీద ముందే ఉండాలి. భావనపాడు నుంచి ఇచ్ఛాపురం దాకా ఎక్కడ గొట్టం దించినా, దిబ్బ వెనక ఊరి గ్రామసభలో ఆ లెక్కలన్నీ తెలుగులో చదివి వినిపించాలి. ఇంగ్లిషు నివేదికను వెబ్‌సైటులో పెట్టి ఊరుకుంటే కుదరదు. శ్రీకాకుళం జిల్లా తీరం 193 కిలోమీటర్లు, రాష్ట్రంలో మరే జిల్లాకూ అంత తీరం లేదు. ఈ ఒడ్డు మీద మొదటి మాట అక్కడ వలలు ఆరబెట్టుకునేవాళ్లది కావాలి.